వెబ్ పేజీల్లో బహుమితీయ పట్టికలు

ఒక విలువ దేనికి సంబంధించినదో తెలియాలంటే రెండుకు మించిన వర్గీకరణలు చెప్పవలసి వచ్చే పట్టికను బహుమితీయ పట్టిక అంటారు. కాగితం మీదైనా తెర మీదైనా పట్టికకు అడ్డువరుసలు, నిలువువరుసలు తప్ప మూడో దిశ ఉండదు. అందువల్ల వెబ్ పేజీలో కనిపించేది బహుమితీయ డేటాలో ఒక దృశ్యం మాత్రమే. మిగిలిన మితులను శీర్షికల్లో ఒకదాని కింద ఒకటి పేర్చాలి, లేదా ఎంపిక పెట్టెల్లో పెట్టాలి, లేదా వేర్వేరు పట్టికలుగా విడదీయాలి. ఏ దారి పట్టినా, ప్రతి గడిలోని సంఖ్య తన పూర్తి చిరునామాను పోగొట్టుకోకుండా చదివేవారికి చేరాలన్నదే ఈ రంగంలోని అసలు సమస్య.

పరిభాష

వర్గీకరణ ఆధారాన్ని మితి అంటారు. జిల్లా, నివాసం, లింగం, సంవత్సరం ఇలాంటివి మితులు. ఒక మితిలోని అంశాలు సభ్యులు. నివాసం అనే మితికి గ్రామీణ, పట్టణ అనేవి సభ్యులు. గడిలో ఉండే జనాభా, దిగుబడి, ఖర్చు వంటివి కొలతలు. మితులన్నీ కలిసి ఏర్పరిచే ఊహాత్మక నిర్మాణాన్ని డేటా ఘనం అని పిలుస్తారు; మితులు మూడుకు మించినా ఆ పేరే వాడుకలో ఉంది. కొన్ని మితుల్లో సభ్యులకు అంతస్తులుంటాయి. గ్రామం మండలంలో, మండలం జిల్లాలో, జిల్లా రాష్ట్రంలో ఇమిడినట్టు, నెల త్రైమాసికంలో, త్రైమాసికం సంవత్సరంలో ఇముడుతుంది.

2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక జనాభా లెక్కలు ఇందుకు మంచి ఉదాహరణ. 23 జిల్లాలు ఒక మితి. మొత్తం, గ్రామీణ, పట్టణ అనే మూడు సభ్యులతో నివాసం రెండో మితి. వ్యక్తులు, పురుషులు, స్త్రీలు అనే మూడు సభ్యులతో లింగం మూడోది. జనాభా అనే ఒక్క కొలతకే 23×3×3, అంటే 207 గడులు అవసరం. మితి కలిసిన కొద్దీ గడులు గుణకారంగా పెరుగుతాయి. పదేసి సభ్యులున్న ఐదు మితులకు లక్ష గడులు కావాలి. వాటిలో చాలా భాగం ఖాళీగానో సున్నాగానో ఉండటం సాధారణం.

వెబ్‌కు ముందు

పలు వర్గీకరణలను కలిపి యంత్రంతో లెక్కించడం హెర్మన్ హాలరిత్ రంధ్రపు కార్డుల యంత్రంతో ఊపందుకుంది. అమెరికా 1890 జనగణనలో ఆ యంత్రాన్ని వాడారు. రెండు లక్షణాలు కలిసి ఎంతమందిలో ఉన్నాయో చూపే పట్టికకు కార్ల్ పియర్సన్ 1904లో గణాంకశాస్త్రంలో స్థిరమైన పేరు, పద్ధతి ఏర్పరిచాడు.

కంప్యూటర్ తెర మీద మితులను మౌస్‌తో లాగి, అడ్డువరుసల నుంచి నిలువువరుసలకు మార్చే వీలును లోటస్ సంస్థ 1991లో నెక్స్ట్ కంప్యూటర్ల కోసం తెచ్చిన ఇంప్రూవ్ ప్రోగ్రాం ప్రముఖంగా చూపించింది. దాని రూపకల్పనలో ముఖ్యుడు పీటో సాలస్. 1993లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఐదో సంచిక పివట్ టేబుల్ పేరుతో అదే తరహా సౌకర్యాన్ని కార్యాలయాల్లోకి తెచ్చింది. సంబంధాత్మక డేటాబేస్ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఇ.ఎఫ్.కాడ్ అదే 1993లో బహుమితీయ విశ్లేషణకు ఓలాప్ అనే పేరు పెట్టి 12 నియమాలు ప్రకటించాడు. ఆ పత్రానికి ఆర్థిక సాయం చేసినది అలాంటి ఉత్పత్తినే అమ్ముతున్న ఆర్బర్ సాఫ్ట్‌వేర్ కావడంతో నియమాల నిష్పాక్షికతపై విమర్శ వచ్చింది. పేరు మాత్రం నిలిచింది. అన్ని మితుల కలయికలకూ మొత్తాలు కట్టే క్యూబ్ ప్రక్రియను జిమ్ గ్రే బృందం 1996లో ప్రతిపాదించగా, డేటాబేస్ ప్రశ్నల భాష ఎస్‌క్యూఎల్ 1999 నాటి ప్రమాణంలో దానికి చోటు దక్కింది.

పట్టిక రూపాన్నీ పట్టిక అర్థాన్నీ విడదీసి చూడాలని వాటర్లూ విశ్వవిద్యాలయంలో షిన్‌షిన్ వాంగ్ 1996 నాటి తన సిద్ధాంత గ్రంథంలో వాదించారు. శీర్షికల సమితులు, వాటి కలయికల నుంచి విలువలకు ఉండే సంబంధం: పట్టిక అంటే ఈ రెండే అని, గీతలూ అమరికా ఆ తర్వాతి విషయాలని ఆ నమూనా చెబుతుంది. వెబ్ పట్టికలతో పనిచేసేవారికి ఇప్పటికీ ఇంతకంటే పనికొచ్చే నిర్వచనం లేదు.

వెబ్‌లో పట్టికల రాక

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ తొలిరూపంలో పట్టికలు లేవు. డేవ్ రాగెట్ ప్రతిపాదనల నుంచి అవి రూపుదిద్దుకున్నాయి. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ వాటిని చూపడం మొదలుపెట్టింది. 1996 మే నెలలో రాగెట్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1942 వాటిని వివరంగా నిర్దేశించింది. 1997 జనవరిలో హెచ్‌టీఎంఎల్ 3.2తో అవి ప్రమాణంలో భాగమయ్యాయి. ఆ రోజుల్లో పేజీ అమరికకు వేరే మంచి సాధనం లేక డిజైనర్లు పట్టికలనే చట్రంగా వాడుకున్నారు. ఫలితంగా నిజమైన డేటా పట్టికకూ అమరిక పట్టికకూ తేడా తెలుసుకోవడం తెరను చదివి వినిపించే ప్రోగ్రాములకు చాలా ఏళ్లు కష్టమైంది.

1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 బహుమితీయ పట్టికలను నేరుగా ఉద్దేశించిన తొలి ప్రమాణం. శీర్షిక ఏ దిశకు వర్తిస్తుందో చెప్పే స్కోప్, ఒక గడికి సంబంధించిన శీర్షికల జాబితా ఇచ్చే హెడర్స్, శీర్షిక ఏ మితికి చెందిందో చెప్పే యాక్సిస్ అనే గుణాలు దానితో వచ్చాయి. శాన్ హోసే, సియాటిల్ నగరాల్లో భోజనం, బస, రవాణా ఖర్చుల పట్టికను ఉదాహరణగా చూపి, భోజనాలకు మొత్తం ఎంతయిందన్న ప్రశ్నకు బ్రౌజరే జవాబివ్వగలగాలని ఆ ప్రమాణం ఆశించింది. ఆ ఆశ నెరవేరలేదు. యాక్సిస్‌ను బ్రౌజర్లు పెద్దగా పట్టించుకోలేదు, 2014 అక్టోబరులో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5 దాన్ని వాడుకలోంచి తొలగించింది. పేజీలోనే మితుల వివరాన్ని రాసిపెట్టే ఒకే ఒక్క గుణం అలా పోయింది. ఇది నష్టమే. ఆ పని తర్వాత జావాస్క్రిప్ట్ గ్రంథాలయాల చేతికి, డేటా ఫార్మాట్ల చేతికి వెళ్లింది.

పట్టిక నిర్మాణం

పట్టిక పేరు క్యాప్షన్ ట్యాగులో ఉంటుంది. శీర్షిక వరుసలు టీహెడ్‌లో, డేటా వరుసలు టీబాడీలో, అడుగు మొత్తాలు టీఫుట్‌లో ఉంటాయి. ఒకే పట్టికలో ఎన్ని టీబాడీలైనా ఉండవచ్చు, కాబట్టి అడ్డువరుసల వైపు రెండో మితిని చూపడానికి అవి అనువైనవి. శీర్షిక గడికి టీహెచ్, డేటా గడికి టీడీ వాడతారు. చిన్న విషయంలా కనిపించినా ఈ తేడా కీలకం: టీడీలో పెట్టి బొద్దు చేసిన అక్షరాలు కంటికి శీర్షికలే, ప్రోగ్రాముకు మాత్రం ఇంకో డేటా గడి.

నిలువువరుసల వైపు రెండు మితులు పేర్చాలంటే గ్రామీణ, పట్టణ అనే శీర్షికలను కోల్‌స్పాన్‌తో రెండేసి నిలువువరుసల మీద పరిచి, వాటి కింద పురుషులు, స్త్రీలు అనే శీర్షికలను రెండుసార్లు రాస్తారు. పై శీర్షికకు స్కోప్ విలువ కోల్‌గ్రూప్, కింది శీర్షికకు కోల్. పై శీర్షిక నిజంగా వర్తించాలంటే కోల్‌గ్రూప్ ట్యాగులతో నిలువువరుసలను ముందే గుంపులుగా ప్రకటించాలి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నిలువుగా పరచడానికి రోస్పాన్ ఉంది. ప్రస్తుత హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ప్రకారం కోల్‌స్పాన్ 1000కి, రోస్పాన్ 65534కి మించకూడదు.

శీర్షికల అమరిక మరీ చిక్కుగా ఉంటే స్కోప్ చాలదు. అప్పుడు ప్రతి శీర్షికకు ఒక ఐడీ ఇచ్చి, ప్రతి డేటా గడిలో హెడర్స్ గుణంలో ఆ ఐడీలను వరుసగా పేర్కొంటారు. చేత్తో రాస్తే ఇది అలసట కలిగించే పని, తప్పులకూ తావెక్కువ. డేటా నుంచి పట్టికను ప్రోగ్రాము తయారుచేస్తున్నప్పుడు మాత్రం అదనపు శ్రమ దాదాపు ఉండదు, ఎందుకంటే గడి చిరునామా ఆ ప్రోగ్రాముకు అప్పటికే తెలుసు.

ప్రధాన ప్రక్రియలు

ఒక మితిని ఒకే సభ్యుడి దగ్గర నిలిపి మిగిలినవి చూడటం స్లైస్. జనగణన ఉదాహరణలో పట్టణ అనే సభ్యుణ్ణి ఎంచుకుంటే జిల్లా, లింగం మిగులుతాయి. పలు మితుల్లో కొందరు సభ్యులనే తీసుకుని చిన్న ఘనాన్ని వేరుచేయడం డైస్. జిల్లా లెక్కలను కూడి రాష్ట్రానికి వెళ్లడం రోలప్, మండలాలకు దిగడం డ్రిల్‌డౌన్. అడ్డువరుసల్లోని మితిని నిలువువరుసలకు మార్చడం పివట్. పివట్‌లో ఏ విలువా మారదు, పక్కపక్కన పోల్చుకునేవి మారతాయి. మనిషి కన్ను పొరుగు గడులనే తేలిగ్గా పోలుస్తుంది కాబట్టి ఏ మితిని ఎటువైపు ఉంచాలన్నది చదువరి వేసే ప్రశ్నను బట్టి తేలాలి.

డేటాను ఉంచే, పంపే పద్ధతులు

ఒక్కో వరుసలో ఒక్కో పరిశీలన, ఒక్కో నిలువువరుసలో ఒక్కో మితి లేదా కొలత ఉండే పొడవాటి రూపం మొదటిది. హాడ్లీ వికమ్ 2014లో టైడీ డేటా పేరుతో వివరించిన రూపం ఇదే. ఏ పివట్‌కైనా ముడిసరుకుగా ఇది బాగా పనికొస్తుంది, కానీ సభ్యుల పేర్లు ప్రతి వరుసలో మళ్లీ మళ్లీ వస్తాయి.

సభ్యుల జాబితాలు ఒకసారే ఇచ్చి, విలువలన్నింటినీ ఒకే వరుసలో పేర్చడం రెండోది. షావియర్ బదియా రూపొందించిన జేసన్‌స్టాట్ ఈ దారి పట్టింది. ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ తన డేటాను ఈ ఫార్మాట్లో ఇస్తుంది. జనగణన ఉదాహరణలో పేర్చే క్రమం జిల్లా, నివాసం, లింగం అనుకుందాం. లెక్క సున్నాతో మొదలవుతుంది. ఐదో జిల్లా సంఖ్య 4, నివాసంలో రెండో సభ్యుడి సంఖ్య 1, లింగంలో మూడో సభ్యుడి సంఖ్య 2. విలువ ఉన్న స్థానం (4×3+1)×3+2, అంటే 41. ఇంత చిన్న లెక్కతో బ్రౌజర్ ఏ గడినైనా వెతకకుండా నేరుగా అందుకోగలదు. మితుల క్రమం ఒక్కచోట తారుమారైతే మాత్రం పట్టిక నిండుగా కనిపిస్తూనే పూర్తిగా తప్పవుతుంది.

సంస్థల మధ్య గణాంకాల మార్పిడికి ఎస్‌డీఎంఎక్స్ ప్రమాణం ఉంది. 2001లో మొదలైన ఈ ప్రయత్నం వెనుక ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి, ఐక్యరాజ్యసమితి సహా పలు అంతర్జాతీయ సంస్థలున్నాయి. 2013లో ఇది ఐఎస్ఓ 17369 అయింది. దీని సమాచార నమూనా ఆధారంగా, ప్రతి పరిశీలనకూ వెబ్‌లో సొంత గుర్తింపు ఇచ్చే ఆర్‌డీఎఫ్ డేటా క్యూబ్ పదజాలాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యు3సీ 2014 జనవరిలో ఆమోదించింది.

పివట్ చేసే చోటు కూడా మారుతూ వచ్చింది. పెద్ద ఘనాలను సర్వరులోనే ఉంచి ఎండీఎక్స్ భాషలో ప్రశ్నించడం పాత పద్ధతి. జూలియన్ హైడ్ మొదలుపెట్టిన మాండ్రియన్ ఆ కోవలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. చిన్న, మధ్యస్థాయి డేటాను బ్రౌజరులోనే తిప్పే పివట్‌టేబుల్ జేఎస్ వంటి గ్రంథాలయాలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు డక్‌డీబీ వంటి డేటాబేస్ వెబ్ అసెంబ్లీ రూపంలో బ్రౌజరులోనే నడుస్తూ ఎస్‌క్యూఎల్ ప్రశ్నలకు జవాబిస్తోంది.

మొత్తాలు, నిష్పత్తులు

బహుమితీయ పట్టికల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. జనగణన పట్టికల్లో మొత్తం అనేది గ్రామీణ, పట్టణ పక్కనే మరో సభ్యుడిగా ఉంటుంది. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8,45,80,777. ఇందులో గ్రామీణం 5,63,61,702, పట్టణం 2,82,19,075. ఈ మూడింటినీ తెలియక కూడే పివట్ జనాభాను రెట్టింపు చేస్తుంది. వ్యక్తులు, పురుషులు, స్త్రీలు అన్న వరుసలు కూడా కలిస్తే నాలుగింతలవుతుంది. మొత్తపు సభ్యులను డేటాలో విడిగా గుర్తించడం, లేదా పూర్తిగా తీసేసి అవసరమైనప్పుడు లెక్కకట్టడం సరైన పద్ధతి.

కొన్ని కొలతలు కొన్ని మితుల వెంట మాత్రమే కూడవచ్చు. జనాభాను జిల్లాల వెంట కూడవచ్చు, సంవత్సరాల వెంట కూడకూడదు. 2001 నాటి 7,62,10,007కు 2011 సంఖ్యను కలిపితే వచ్చేదానికి అర్థం లేదు. శాతాలనూ నిష్పత్తులనూ ఏ మితి వెంటా కూడకూడదు, నేరుగా సగటు కట్టకూడదు. 2011లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత గ్రామాల్లో 60.45 శాతం, పట్టణాల్లో 80.09 శాతం. రెండింటి సగటు 70.27. అసలు రాష్ట్ర అక్షరాస్యత 67.02 శాతం. గ్రామీణులు ఎక్కువ కాబట్టి ఈ తేడా. శాతంతో పాటు దాని లవాన్నీ హారాన్నీ డేటాలో ఉంచితే రోలప్ ఏ అంతస్తులోనైనా సరైన జవాబు ఇస్తుంది.

ఒక మితిని తీసేయడం వల్ల నిర్ధారణే మారిపోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో 1973 ప్రవేశాల్లో మొత్తం మీద స్త్రీలకు అన్యాయం జరిగినట్టు కనిపించింది. విభాగాల వారీగా విడదీస్తే, ఎక్కువమందిని తిరస్కరించే విభాగాలకే స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారని తేలింది. 1975లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ విశ్లేషణ సింప్సన్ వైరుధ్యానికి ప్రామాణిక ఉదాహరణ.

ఖాళీ గడి విషయంలోనూ స్పష్టత అవసరం. సున్నా, సేకరించలేదు, వర్తించదు, గోప్యత కోసం దాచారు అనేవి నాలుగు వేర్వేరు సంగతులు. నాలుగింటికీ ఒకే గీత పెడితే చదివేవారు సున్నా అనుకుంటారు.

మారే మితులు

సభ్యులు కాలంతో మారతారు. 2014 జూన్ 2న ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలు తెలంగాణకు 10, ఆంధ్రప్రదేశ్‌కు 13గా విడిపోయాయి. ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్ 4న 26 జిల్లాలుగా మారింది. కనుక వరంగల్ 2011 అంకెనూ వరంగల్ 2021 అంకెనూ ఒకే నిలువువరుసలో పక్కపక్కన పెడితే పేరు ఒకటే, ప్రాంతం వేరు.

దీనికి రెండు దారులున్నాయి. ప్రతి సభ్యుడికీ అది అమల్లో ఉన్న కాలాన్ని జతచేయడం ఒకటి. కొత్త సరిహద్దుల ప్రకారం పాత లెక్కలను మండల స్థాయి నుంచి మళ్లీ కూడి ఇవ్వడం రెండోది. ఏది పాటించినా పట్టిక పేరులోనే ఆ సంగతి రాయాలి. రాయకపోతే పట్టిక చదువరిని మోసం చేసినట్టే. పేర్లలోని తేడాలు మరో చిక్కు: కడప, వైఎస్సార్, వైఎస్సార్ కడప అని వేర్వేరు పట్టికల్లో ఉన్నప్పుడు పేరును బట్టి కలపడం కుదరదు. జనగణన సంకేతాలు, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ సంకేతాలు ఇందుకోసమే ఉన్నాయి.

చూపులేనివారికి అందుబాటు

కంటితో చదివేవారు గడి నుంచి పైకీ పక్కకూ చూసి శీర్షికలు పట్టుకుంటారు. ఎన్‌వీడీఏ, జాస్ వంటి తెర చదువరి ప్రోగ్రాములు వాడేవారికి ఒకసారి ఒక గడే వినిపిస్తుంది. శీర్షికలు సరిగ్గా ముడిపడి ఉంటే గడి మారినప్పుడు మారిన శీర్షికలను ప్రోగ్రాము చదివి చెబుతుంది, లేకపోతే వినిపించేది అంకెల వరుసే. రెండు అంతకుమించిన అంతస్తుల శీర్షికలున్న పట్టికల్లో గడులకూ శీర్షికలకూ సంబంధాన్ని ట్యాగులతో చెప్పాలని వెబ్ అందుబాటు కోసం డబ్ల్యు3సీ 1999లో ఇచ్చిన తొలి డబ్ల్యుసీఏజీ మార్గదర్శకాలే కోరాయి. 2008 నాటి రెండో సంచికలో ఇది 1.3.1 నియమం కింద, కనీస స్థాయిలోనే ఉంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచి డబ్ల్యుసీఏజీనే ఆధారం చేసుకున్నాయి.

తెర చదువరులు పలు అంతస్తుల శీర్షికలను ఒకే తీరున చదవవు. అందుకే వీలైతే చిక్కు పట్టికను చిన్న పట్టికలుగా విడదీయమని డబ్ల్యు3సీ సలహా ఇస్తుంది. ఒక మితిని ఎంపిక పెట్టెలోకి తీసుకుని రెండు మితుల పట్టికను చూపడం చాలా సందర్భాల్లో అందరికీ మేలు. ఎంపిక మారినప్పుడు పట్టిక పేరు కూడా మారాలి.

తెర, వేగం

పెద్ద పట్టికలో కిందికి జారినప్పుడు శీర్షికలు కనబడకపోతే సంఖ్యకు చిరునామా పోతుంది. సీఎస్ఎస్‌లో పొజిషన్ స్టికీ వాడి శీర్షిక గడులను అంచున నిలపవచ్చు. అంచుగీతలను కలిపేసే అమరికలో గీతలు వాటితోపాటు నిలవవు కాబట్టి విడి గీతలే మేలు. నిలువువరుసల వెడల్పును బ్రౌజర్ మామూలుగా గడులన్నీ చూశాకే నిర్ణయిస్తుంది. టేబుల్ లేఅవుట్ ఫిక్స్‌డ్ పెడితే మొదటి వరుసతోనే తేల్చేస్తుంది. వేల వరుసలుంటే కనిపించే భాగాన్నే గీసే పద్ధతి ఉంది. అప్పుడు బ్రౌజర్ వెతుకులాటలో గీయని వరుసలు దొరకవు, తెర చదువరికి వరుసల సంఖ్యను అందుబాటు కోసం ఉన్న ఏరియా (ARIA) గుణాలతో విడిగా చెప్పాలి. ఫోన్ తెర కోసం గడులను నిలువు కార్డులుగా విడగొట్టడం వాడుకలో ఉంది. ఒక్కో వరుసను విడిగా చదివే పట్టికకు అది సరిపోతుంది కానీ, పోల్చుకోవడానికే ఉన్న బహుమితీయ పట్టికను పాడుచేస్తుంది. దానికి అడ్డంగా జరిపే వీలే మంచిది.

తెలుగులో పట్టికలు

అంకెలను లక్షలు, కోట్లుగా విడదీయడానికి జావాస్క్రిప్ట్ అంతర్జాతీయ సంఖ్యా సౌకర్యంలో తెలుగు లొకేల్ ఎంచుకుంటే చాలు, 84580777 అనేది 8,45,80,777గా వస్తుంది. అంకెలు కుడివైపు సర్ది, అన్నింటికీ ఒకే వెడల్పు ఉండే ఫాంట్ అమరిక వాడాలి. జిల్లా పేర్లను యూనికోడ్ సంఖ్యల క్రమంలో అమర్చితే వర్ణమాల క్రమం పూర్తిగా రాదు. బడిలో నేర్చుకునే వర్ణమాలలో హ తర్వాత వచ్చే ళ, ఱ అక్షరాలు యూనికోడ్‌లో ల, ర పక్కన ఉన్నాయి. తెలుగు శీర్షికలున్న పట్టికకు భాషా గుణం తెలుగు అని పెట్టకపోతే, తెర చదువరి వాటిని వేరే భాష గొంతుతో చదవబోతుంది. పొడవైన శీర్షికలను ఇరుకు గడిలో నిలువుగా తిప్పడం ఇంగ్లీషులో కొంత చెల్లుతుంది. వత్తులు, గుణింతాలతో నిండిన తెలుగులో అది చదవడానికి వీలుండదు, శీర్షికను రెండు వరుసల్లో రాయడమే సరి.

వినియోగం

జనగణన, బడ్జెట్, ఎన్నికల ఫలితాలు, పంటల విస్తీర్ణం, ఆరోగ్య సర్వేలు అన్నీ స్వభావరీత్యా బహుమితీయ డేటాయే. స్వీడన్ గణాంక సంస్థ తయారుచేసిన పీఎక్స్‌వెబ్‌లో చదువరి తనకు కావలసిన మితులనూ సభ్యులనూ ఎంచుకుని పట్టికను తానే కట్టుకోగలడు. పలు దేశాల గణాంక సంస్థలు దాన్ని వాడుతున్నాయి. భారత జనగణన 2011 పట్టికలు ప్రధానంగా ఎక్సెల్ దస్త్రాలుగా వెలువడ్డాయి. వాటి బహుళ శీర్షికలను విప్పి పొడవాటి రూపంలోకి మార్చాకే వెబ్ పేజీలో వాటిని పివట్ చేయడం సాధ్యమవుతుంది.